కడుపు క్యాన్సర్: ముందు కీమోనా, ముందు ఆపరేషనా?

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఓపీ దగ్గరైనా, బంజారాహిల్స్ ఆసుపత్రుల లాబీల్లోనైనా ఇంట్లోవాళ్ల ప్రశ్న ఒకటే: "గడ్డ కనిపిస్తోంది కదా డాక్టరుగారూ, తీసేయకుండా రెండు నెలలు కీమో ఏంటి? ఈలోపు పాకిపోతే?" ఆ టెన్షన్ సహజమే. అయినా జబ్బు రెండో, మూడో దశలో ఉండి, నోటితో తినగలుగుతున్న మనిషికి నేనైతే కీమోనే ముందు అంటాను.

మొదటి కారణం తిండి. కడుపు మొత్తమో, చాలా భాగమో తీసేశాక మనిషి సగం ఇడ్లీకే నిండిపోయినట్టు చేయి కడుక్కుంటాడు, బరువు జారిపోతుంది. ఆ స్థితిలో కీమో ఎక్కించడం కష్టం. జర్మనీలో "ఫ్లాట్" అనే కీమో కోర్సు మీద జరిగిన ఫ్లాట్4 ట్రయల్‌లో (2019) ఆపరేషన్‌కి ముందు కోర్సును పదిమందిలో తొమ్మిదిమంది పూర్తిచేశారు. ఆపరేషన్ తర్వాతి కోర్సు కూడా పూర్తిచేసినవాళ్లు సగానికి లోపే. అంటే మందు ఒంటికి పట్టే అవకాశం ముందే ఎక్కువ.

రెండోది దశ తగ్గడం. ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో "వైపీటీ2 ఎన్0" లాంటి కోడ్ ఉంటుంది. మొదట్లో ఉన్న "వై" అంటే ఇది కీమో తర్వాతి లెక్క అని. అందరూ గడ్డ ఎంత తగ్గిందనే చూస్తారు గానీ, నేను ముందు చూసేది "ఎన్" పక్కనున్న అంకె. లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ మిగలకపోతే (ఎన్0) ముందున్న కాలం మీద ఆశ బాగా పెరుగుతుంది. స్కాన్‌లో గడ్డ చిన్నదైనా గ్రంథులు నిండుగా ఉంటే అంత సంబరపడక్కర్లేదు.

ఆపరేషన్ ముందు అనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. జపాన్‌లో చుట్టూ ఉన్న గ్రంథులతో సహా శుభ్రంగా తీసే డీ2 ఆపరేషన్ చేసి, తర్వాత ఏడాది ఎస్-1 అనే కీమో మాత్రలు ఇస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్లలో 70 శాతం. కానీ కొరియాలో ఈ రెండు దారులనే పక్కపక్కన పెట్టి చూసిన ప్రాడిజీ ట్రయల్‌లో (2021) ముందు కీమో ఇచ్చినవాళ్లలో 66 శాతం మందికి మూడేళ్ల దాకా జబ్బు ముదరలేదు, తిరగబెట్టలేదు. నేరుగా ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లలో అది 60. తేడా పెద్దదేం కాదు, కానీ మొగ్గు ఎటో తెలుస్తోంది.

ఏ కీమో? ఫ్లాట్‌తో సగంమంది 50 నెలలు దాటి బతికారు, పాత కీమో కోర్సుతో సగంమంది దాటింది 35 నెలలే. అయితే ఫ్లాట్ నాలుగు మందుల కోర్సు, తట్టుకోవాలి. అందులోని ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన కొన్ని రోజులు చల్లటిది తగిలితే వేళ్లు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టవుతుంది. ఏప్రిల్ ఎండల్లో ఫ్రిజ్ తలుపు తీయాలన్నా భయమే. మజ్జిగ కూడా గోరువెచ్చగా తాగాలి. బాగా పెద్దవయసువాళ్లకి, నీరసంగా ఉన్నవాళ్లకి డాక్టర్లు తేలికైన కోర్సు ఎంచుకుంటారు.

కొందరికి మాత్రం ఆపరేషనే ముందు. రక్తస్రావం ఆగకపోయినా, దారి మూసుకుపోయి నీళ్లు కూడా దిగకపోయినా ఆగలేం. గడ్డ పైపొరల్లోనే ఉంటే కీమో అవసరమే పడకపోవచ్చు, ఒక్కోసారి ఎండోస్కోపీతోనే తీసేస్తారు. ఎంఎస్ఐ-హై (కణాల్లో డీఎన్ఏ తప్పుల్ని సరిచేసే ఏర్పాటు చెడిపోయిన రకం) అని తేలితే దానికి మామూలు కీమో లాభం సందేహమే. అందుకే బయాప్సీ మీద ఎంఎస్ఐ, హెర్2 (కొన్ని క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్) పరీక్షలు చేయించారా అని ముందే అడగండి. లాపరోస్కోపీతో పొట్టలోపల చూశారా అని కూడా. పొట్ట పొరమీద చిన్న చిన్న మచ్చల్లా పాకింది సీటీ స్కాన్‌కి దొరక్కపోవచ్చు. అది ఉంటే ఈ చర్చే వేరు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆపరేషన్, కీమో రెండూ ఒకేచోట కుదురుతాయో లేదో మొదటిరోజే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని అడిగితే మధ్యలో ఆసుపత్రి మారే తిప్పలు తప్పుతాయి.

ఇక చివరి మెలిక. కీమో తర్వాత ఎండోస్కోపీలో గడ్డ కనిపించకపోతే "తగ్గిపోయింది కదా, ఆపరేషన్ ఎందుకు?" అని వాయిదా వేసేవాళ్లున్నారు. వేయొద్దు. కడుపు గోడ లోపల, గ్రంథుల్లో కణాలు మిగలొచ్చు, అవి కెమెరాకి కనపడవు. చివరి డోసు తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆపరేషన్ అయ్యేలా తేదీని కీమో నడుస్తుండగానే ఖాయం చేసుకోండి.