ఫోటో పెద్దది చెయ్యాలంటే ఏది మేలు? పర్లాకిమిడి స్టూడియోలో తేలిన లెక్క

మా మావయ్య వరస ఆయన ఒకరు షాపుకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టారు. వాళ్ళమ్మగారి సంవత్సరీకం దగ్గర పడింది, 12×18 అంగుళాల ఫ్రేము కావాలన్నారు. గోడకున్న పటాన్ని ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే, అది నాలుగిళ్ళు తిరిగి ఈయన దగ్గరికి చేరింది. అద్దం మీద ట్యూబ్‌లైటు గీత కూడా పడింది. సైజు చూస్తే 720×960 పిక్సెళ్ళు (ఫోటోలో ఉండే రంగు చుక్కలు). ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో స్టూడియో పెట్టుకున్నాక ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

ముందు లెక్క చూద్దాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున 12×18కి 3600×5400 పిక్సెళ్ళు కావాలి, అంటే కోటీ 94 లక్షల చుక్కలు. ఫ్రేము కొలతకి పక్కలు కోసేస్తే మన చేతిలో మిగిలేది 640×960, ఆరు లక్షల పైచిలుకు. అంటే ప్రింటులో దాదాపు 32 చుక్కలకి ఒక్కటే అసలుది. మిగతా 31 సాఫ్ట్‌వేర్ తన తెలివితో పోసేవే. ఆ 31ని ఎలా పోస్తుందన్న దగ్గరే పద్ధతులన్నీ వేరైపోతాయి.

నేను ఆ రోజు తొందరలో ఏఐ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చేశాను. నాలుగింతలు చేసి పెట్టింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, చర్మం పట్టులా ఉంది. చాలా బాగా వచ్చిందని మురిసిపోయి చూపించాను. మావయ్య కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూసి, "ఎవుల్రా ఈవిడ?" అన్నారు. పెద్దావిడ గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేదట. వాట్సాప్ ఫోటోలో అది మసక మచ్చలా ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మురికి అనుకుని తుడిచేసింది. ముక్కుకున్న అడ్డబాసని పెదవి నీడలో కలిపేసింది. ముఖం శుభ్రంగానే ఉంది, కాకపోతే ఇంకెవరిదో.

ఇందులో దాని తప్పు పెద్దగా లేదు. ఫోటోలు పెంచే రియల్-ఈఎస్ఆర్‌గాన్ లాంటి ఏఐ మోడళ్ళకి మంచి ఫోటోల్ని కావాలని పాడుచేసి, మళ్ళీ బాగుచెయ్యడం నేర్పిస్తారు. అది నేర్చుకునేది ముఖాలు మామూలుగా ఎలా ఉంటాయన్నది. మన పెద్దావిడ ముఖం ఎలా ఉండేదో దానికెలా తెలుస్తుంది? అందుకని అసలు ఏఐ వద్దనను. చీర అంచు, చెట్లు, రాతి గోడ, కొండ వాలు వంటి వాటిలో ఒక ఆకు అటూ ఇటూ అయినా ఎవరూ పోల్చుకోరు, అక్కడ దీన్ని మించింది లేదు. డబ్బులు పెట్టలేనివాళ్ళకి అప్‌స్కేల్ (Upscayl) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ళ ఫోటోలు ఏదో వెబ్‌సైటుకి ఎక్కించే టెన్షన్ ఉండదు. కాకపోతే గ్రాఫిక్స్ కార్డు ఓ మోస్తరుదైనా ఉండాలి.

పాత పద్ధతి బైక్యూబిక్. కొత్త చుక్క పెట్టాల్సిన చోట చుట్టూ ఉన్న 16 చుక్కల్ని చూసి మధ్యస్థంగా ఒక రంగు వేస్తుంది. లేనిది కల్పించదు, అందుకే కాస్త మెత్తగా వస్తుంది. ఫోటోషాప్‌లో బైక్యూబిక్ స్మూదర్, ప్రిజర్వ్ డీటెయిల్స్ అని ఉంటాయి, రెండోదానికి నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు) తగ్గించే మీట కూడా ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఫోన్ ఫోటోలు మామూలుగా ఉండే జేపెగ్ అనే ఫైలు పద్ధతి, ఫోటోని 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. పెద్దది చేశాక ఆ గళ్ళు బాత్రూమ్ టైల్స్‌లా బయటపడతాయి. కాబట్టి గళ్ళు ముందు పోగొట్టాలి, తర్వాత పెంచాలి, అంచులకి పదును పెట్టే షార్పెన్ అన్నిటికన్నా చివర. వరస తిరగేస్తే ఆ గళ్ళనే నున్నగా చెక్కి పెట్టినట్టవుతుంది.

ఇంకో సంగతి, 300 అనేది చేతిలో పట్టుకుని చూసే ఫోటోకి. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసే పటానికి 150 చాలు. అప్పుడు పెంచాల్సింది ఐదున్నర రెట్లకు బదులు మూడు రెట్లలోపే. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ముఖానికి బైక్యూబిక్ మేలని నా పక్షపాతం. చీరకి, వెనక తెరకి ఏఐ. రెండూ ఒకదాని మీద ఒకటి రెండు లేయర్లుగా (పొరలుగా) పెట్టి, ముఖం మీద ఏఐ లేయర్‌ని మాస్కుతో (ఆ చోటు మాత్రం దాచే తెరతో) చెరిపేస్తాను. మరీ మెత్తగా ఉంటే 20 శాతం ఉంచుతాను, అంతకన్నా ఎక్కితే మావయ్యలకి తెలిసిపోతుంది.

అక్షరాల దగ్గర మాత్రం రెండూ పనికిరావు. వినాయక చవితికి మా వీధి కుర్రాళ్ళు పాత ఫ్లెక్సు ఫోటో తెచ్చి, "అన్నా, ఇదే పెద్దది చేసెయ్" అన్నారు. పైన ఒడియా, కింద తెలుగు. ఏఐకి ఇస్తే ఒడియా అక్షరాల గుండ్రటి గొడుగులూ, మన తలకట్లూ ఒకదానికొకటి అంటుకుని జిలేబీలయ్యాయి. "భక్త బృందం"లో భ కింద గీత ఎగిరిపోయి "బక్త" అయింది. పక్కనున్న చందాదారుల పేర్లు చూసే ధైర్యం చెయ్యలేదు. అక్షరాలు మళ్ళీ టైపు కొట్టుకోవడమే. సంఘం గుర్తు, కలశం బొమ్మ లాంటి రెండు మూడు రంగుల వాటికి ట్రేసింగ్ మేలు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఇది ఉంటుంది: ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్, కోరెల్‌డ్రాలో పవర్‌ట్రేస్. చుక్కలు పోయి గీతలవుతాయి కాబట్టి ఎంత పెంచినా అంచు పగలదు. అదే ముఖానికి వాడితే సినిమా పోస్టరు ముద్ర పడుతుంది, ఫోటోకి వద్దు.

అన్నిటికన్నా మేలైనది నేను ఆ రోజు అడగడం మరిచిన ప్రశ్న: "అసలు పటం ఎక్కడుంది మావయ్యా?" పాతపట్నంలో చెల్లెలి ఇంట్లో ఉందట. పాతపట్నమంటే సరిహద్దు దాటగానే వచ్చే ఊరే కదా! మర్నాడు తెచ్చారు. లోపల 4×6 ప్రింటు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 వచ్చింది, గోడ పటానికి పెంచాల్సిన పనే లేదు. స్కానర్ లేనివాళ్ళు పటం గుమ్మం దగ్గర పగటి వెలుగులో పెట్టి, ట్యూబ్‌లైటు ఆపి, ఫోన్ వాలకుండా పటానికి సరిగ్గా ఎదురుగా పట్టి తీసి, వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు అది కుదించదు.

అద్దం ఊడదీసి ఫోటో తీస్తే ఇంకా మంచిది. కానీ ఈ పటంలో తేమకి ప్రింటు అద్దానికి అంటుకుపోయింది. అలా అంటుకుంటే గోటితో లాగకండి, రంగు పొర అద్దంతోనే ఉండిపోతుంది. అద్దం తుడిచి దానితో పాటే స్కానర్ మీద బోర్లించాను. స్క్రీన్ మీద ముఖం పెద్దది చేసి చూపిస్తే మావయ్య వేలితో చుక్కలు లెక్కపెట్టుకున్నారు. మూడూ ఉన్నాయి.