ఉప్పుగాలిలో పాత బీబీ: ఏళ్ల వాడకం తర్వాత

నాది 1980ల నాటి జపాన్ రోడ్ సైకిల్. బాబాయి ఓడ ఉద్యోగంలో ఉన్నప్పుడు తెచ్చింది. దాని బాటమ్ బ్రాకెట్ (బీబీ), అంటే పెడల్ కాడలు తిరిగే ఇరుసు భాగం, పాత పద్ధతిది: నడుమ యాక్సిల్, రెండు పక్కలా కప్పులు, వాటిలో బాల్స్. "అది పీకి పారేసి సీల్డ్ కార్ట్‌రిడ్జ్ వేయించుకో" అని వైజాగ్‌లో నాకు చెప్పనివాళ్లు లేరు. అంటే బేరింగులన్నీ లోపలే మూసి వచ్చే, విప్పే పనిలేని ఒకే ముక్క. ఏళ్ల తరబడి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తొక్కాక నేననేది, ఏటా విప్పే ఓపిక ఉంటే పారేయక్కర్లేదు.

తుపాన్ల సీజన్ దాటాక విప్పుతాను. నీళ్లు కింది నుంచి ఎగజిమ్మి చేరతాయనుకుంటాం గానీ, సీట్ పోస్ట్ పక్కనుంచి ట్యూబ్‌లోకి జారి షెల్‌లో (ఫ్రేములో బీబీ కూర్చునే గొట్టం) నిలిచేవే ఎక్కువ ఇబ్బంది. షెల్ అడుగున కన్నం ఉంటే బురదతో పూడకుండా చూసుకోవాలి. కప్పుల మధ్య ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం నాది ఎప్పుడో పెళుసెక్కి విరిగింది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ చుట్టి పెట్టాను, పైనుంచి రాలే తుప్పు పొడి బాల్స్‌లోకి దిగడం తగ్గింది.

మన షాపుల్లో ఓవరాయిలింగ్ (అన్నీ విప్పి తుడిచి గ్రీజు పెట్టడం) అంటే కాటర్ పిన్ (పెడల్ కాడని ఇరుసుకి పట్టి ఉంచే, సుత్తితో కొట్టి తీసే పిన్ను) సైకిళ్లకు అలవాటైన చేతులు. ఒకచోట నా క్రాంక్ (పెడల్ కాడ) మీదికి సుత్తి ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాను. నలుచదరపు యాక్సిల్‌కి క్రాంక్‌ని లాగి తీసే పనిముట్టు, క్రాంక్ పుల్లర్, ఉండాల్సిందే. కుడి కప్పు గుంటలు పడితే తప్ప కదపొద్దు, అక్కడే తుడిచేయొచ్చు. బ్రిటిష్ మరలో అది ఎడమ మర, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇటాలియన్ ఫ్రేముల్లో రెండూ కుడి మరలే, అందుకే వాటి కుడి కప్పు తొక్కుతుంటే వదులయ్యే బాధ ఉంటుంది.

బాల్స్ పావు అంగుళానివి, పక్కకి 11. ఏటా కొత్తవే వేస్తాను, వాటి దగ్గర పిసినారితనం దండగ. కేజ్ (బాల్స్‌ని పట్టి ఉంచే రింగు) తీసేసి విడిగా పేరిస్తే ఎక్కువ బాల్స్ పడతాయి, బరువు పంచుకుంటాయి. గ్రీజు ఫిషింగ్ హార్బర్ వైపు బోట్లకి అమ్మే, నీటికి కొట్టుకుపోని రకం. దట్టంగా పూస్తే బాల్స్ అందులోనే అతుక్కుని నిలబడతాయి, ఒక్కటీ నేల మీద దొర్లదు. ముందు వాడిన మామూలు గ్రీజు వానలయ్యేసరికి మజ్జిగలా తెల్లబడి కారేది.

అసలు పనితనం ఎడమ కప్పు దగ్గరే. లాక్ రింగ్ (కప్పు వదులవకుండా దాని మీద వేసే రింగు) బిగించేటప్పుడు కప్పు కూడా దాంతో తిరిగిపోతుంది, టెన్షన్ అక్కడే. కప్పు కన్నాల్లో దిగే పిన్ స్పానర్‌తో కప్పుని కదలకుండా పట్టుకుని రింగ్ బిగించాలి. వేళ్లతో తిప్పితే యాక్సిల్ నున్నగా తిరగాలి, గరగరమనకూడదు. తర్వాత క్రాంక్ చివర పట్టుకుని పక్కకి ఊపితే టకటకలాడకూడదు. రెండూ ఒకేసారి కుదిరేదాకా మూడు నాలుగుసార్లు విప్పి బిగించడం మామూలే. ఆదివారం పొద్దున్న గడిచిపోతుంది.

ఇంత తీరిక లేనివాళ్లు, రోజూ ఆఫీసుకి తొక్కేవాళ్లు కార్ట్‌రిడ్జే వేయించుకోండి, తప్పేం లేదు. పాడైతే మొత్తం మార్చేయడమే దాని లోటు. నా యాక్సిల్ మీద బాల్స్ నడిచే దారిలో సన్న గుంటలు మొదలయ్యాయి. అలాంటి యాక్సిల్ ఇక్కడ దొరకడం కష్టం కాబట్టి నాకూ ఆ రోజు వస్తుంది. అప్పుడు షెల్ వెడల్పు 68 మిల్లీమీటర్లేనా అని చూసి, పాత యాక్సిల్ పొడవు కొలిచాకే కొంటాను. పొడవు తేడా వస్తే చైన్ లైన్ (ముందు, వెనక పళ్లచక్రాల మధ్య చైన్ నడిచే వరుస) పక్కకి పోతుంది.