కౌంటర్ కాడ మూడడుగులు దాటిండట, స్లైడ్ కాడ దాటలేదట!

మొన్న ఆదివారం మేం ఆరుగురం వాటర్ పార్కుకు పోయొచ్చినం. పేరు రాయను, రాస్తే అదో లొల్లి, హనుమకొండ నుంచి కారుల 40 నిమిషాల దూరం అనుకోండి. కోపం తగ్గినంక రాద్దామని నాలుగు రోజులు ఆగిన, తగ్గలే, ఇగ రాస్తున్న.

అసలు మా ఆయన లక్నవరం అన్నడు. పొద్దుగాల్నే బయల్దేరి రామప్ప చూసుకొని, అటు నుంచి అటే చెరువు కాడికి పోయి వేలాడే వంతెన మీద పిల్లల్ని నడిపిద్దామని ఆయన ప్లాను. 2021ల రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి పోదాం పోదాం అంటనే ఉన్నం, కానీ మే నెలల చెప్పులిడిచి ఆ రాళ్ల మీద నడుసుడంటే అత్తమ్మ ఒప్పుకోలే, "నా అరికాళ్లు బొబ్బలెక్కితె మందు నువ్వు రాస్తవారా" అని కొడుకును అడిగింది. మా పెద్దది ఐదో తరగతి, దాని దోస్తు వాళ్లమ్మ వాట్సాప్ స్టేటస్‌ల స్లైడ్ వీడియో చూసిన కాడ్నుంచి ఇంట్ల ఎవర్నీ నిద్రపోనియ్యలే. అట్ల వాటర్ పార్కు ఖాయమైంది. నేను, మా ఆయన, అత్తమ్మ, మరిది, ఇద్దరు పిల్లలు.

పార్కింగ్ 50. టికెట్లు బోర్డు మీద ఉన్నయి, పెద్దలకు ఆదివారం 400 (మామూలు రోజుల్ల 350), మూడడుగుల నుంచి నాలుగున్నర అడుగుల దాకా పిల్లలకు 300, మూడడుగుల లోపు ఫ్రీ, 60 ఏండ్లు దాటినోళ్లు నీళ్లల్ల దిగినా దిగకున్నా 200. అత్తమ్మ కుర్చీల కూసునేదానికి 200 ఏందని నేను అననే లేదు, అది వాళ్ల రూలు, బోర్డు మీద ఉన్నది, సరే.

కౌంటర్ పక్కన గోడకు జిరాఫీ బొమ్మ గీసి దాని మెడ మీద స్కేలు పెయింట్ చేసిండ్రు. మా చిన్నోన్ని అక్కడ నిలబెట్టిండు కౌంటర్ పిలగాడు, "మూడడుగుల రెండించులు మేడం, 300" అన్నడు. వానికి మొన్న దసరాకే రెండేండ్లు నిండినయి. నేను ఇంట్ల బ్లౌజులు కుడతా, నెల నెలా వాని పొడుగు తలుపు చౌకట్ మీద పెన్సిల్‌తోని గీస్తా, వాడు 35 ఇంచులని నాకు నిద్రల లేపి అడిగినా చెప్త. వారం కింద కొలిచిన పిలగాడు వారంల మూడించులు పెరుగుతడా?

మా ఆయన అప్పటికే పైసలు తీస్తున్నడు. వెనక లైన్ల 20 మంది, ఎండ, ఎవడో హారన్ కొడుతున్నడు. "300 కోసం ఏందే, వదిలెయ్" అన్నడు మెల్లగ. నేను హ్యాండ్‌బ్యాగ్ తెరిచి టేపు తీసిన. నా బ్యాగ్‌ల ఎప్పుడు ఉంటది అది, కస్టమర్లు ఎక్కడంటే అక్కడ కొలతలిస్తరు. కింద టైల్ మీద నుంచి జిరాఫీ మెడ మీద 3 అని రాసిన గీత దాక పెట్టి చూస్తే 33 ఇంచులు! అప్పుడు అర్థమైంది, స్కేలు గీసినంక కింద కొత్తగ అరుగు కట్టి టైల్స్ వేసిండ్రు, గోడ మీద గీతలు మాత్రం పాత నేల లెక్కకే ఉన్నయి. అరుగెక్కిన పిలగాడెవడైనా మూడించులు ఎక్కువే కనబడ్తడు. కావాల్ననే చేసిండ్రని అంటలేను, కానీ ఎన్ని నెలల సంది ఎంతమంది దగ్గర 300 చొప్పున వసూలైనయో ఆ దేవునికే ఎరుక. పిలగాడు టేపు చూసిండు, నన్ను చూసిండు, "స్కేల్ కంపెనీది మేడం, నేనేం చేస్త" అన్నడు. వెనకోళ్లు గునుగుతుంటే ఇగ మా ఆయన 2000 కట్టేసిండు. నాతో గంట దాక మాట్లాడలే, నేను గూడ మాట్లాడలే.

లోపల కాటన్ బట్టలు ఒద్దన్నరు, నైలాన్ మాత్రమే అట. ఇది న్యాయమే, కాటన్ దారాలు ఫిల్టర్ల ఇరుక్కుంటయట, మా మరిది నీళ్ల ప్లాంటుల పని చేస్తడు, వాడే చెప్పిండు. నాకు, మరిదికి రెండు డ్రెస్సులు కిరాయి 200, డిపాజిట్ 400. లాకర్ 50, దానికింకో 200 డిపాజిట్. కిరాయి ప్యాంటు నాడ తెగిపోయి ఉంటే పిన్నీసు పెట్టుకున్న. ఆడోళ్లు బట్టలు మార్చుకునే గదికి గొళ్లెం లేదు, ఎవరో చున్నీ కట్టిపోయిండ్రు, లోపల ఒకరుంటే బయట ఒకరు తలుపు పట్టుకొని నిలబడాలె. తెల్వనామె ఒకామె నా కోసం పట్టుకున్నది, నేను ఆమె బిడ్డ కోసం పట్టుకున్న, గట్ల దోస్తులైనం.

నీళ్లల్ల దిగంగనే ముక్కుపుటాలు మండినయి. క్లోరిన్ ఎక్కువేసిండ్రు, పోనీలే శుభ్రంగ ఉంటయి అనుకున్న. మరిది నవ్విండు, "వాసన గింత ఘాటుగ ఉన్నదంటే క్లోరిన్ ఎక్కువై కాదు వదినా, చెమట, ఉచ్చ క్లోరిన్‌తోని కలిసినయన్నట్టు" అన్నడు. మనింటి నల్లా నీళ్లకు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలితె సాలట, పూల్‌కైతె 1 నుంచి 3 దాక ఉండాలట. ఆ మాట విన్నంక ఒక్క బుక్క గూడ నోట్లకు పోకుండ పెదాలు బిగవట్టుకొనే ఆడిన. దిగేముందు ఒళ్లు కడుక్కునే షవర్లు ఆరు ఉంటే నీళ్లొచ్చేటియి రెండు, ఇగ వాసన రాకపోతే ఏమొస్తది.

స్లైడ్లు మాత్రం బాగున్నయి, అబద్ధం చెప్పొద్దు. పెద్దది పచ్చ స్లైడ్ 14 సార్లు ఎక్కింది. లైఫ్‌గార్డు పిలగాండ్లు ఎండల నిలబడి ఒక్కొక్కర్ని చెయ్యి పట్టి కూసోబెడుతున్నరు, విజిల్ నోట్లకెళ్లి తీస్తలేరు. వాళ్లకు వంక పెట్టలేం.

పన్నెండున్నరకు చిన్నోన్ని పిల్లల స్లైడ్ కాడికి తీస్కపోయిన. అక్కడ లైఫ్‌గార్డు ఆపిండు. "మూడడుగులు ఉంటేనే మేడం, మీ బాబు లేడు, కింద చిన్న పూల్‌ల ఆడించండి." పక్కన ఇనుప కర్రకు రంగేసి గీత పెట్టిండ్రు, చిన్నోని తల ఆ గీత కింద ఇంచు తక్కువ! నాకు ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలే. లైఫ్‌గార్డుకు దండం పెట్టి ఫోన్‌ల ఫొటో తీసుకొని, తడి బట్టల్తోనే కౌంటర్‌కు పోయిన. ఈసారి మా ఆయన నా వెనకనే వచ్చిండు, ఒక్క మాట గూడ అనలే, చిన్నోన్ని ఎత్తుకొని నిలబడ్డడు. మేనేజర్ వచ్చేసరికి అరగంట. ఫొటో చూసిండు, టేపుతోని నేను మళ్ల కొలిచి చూపిచ్చిన, తల గోక్కున్నడు. "బిల్లు కొట్టినంక క్యాష్ రాదు మేడం, సిస్టమ్ ఒప్పుకోదు" అని 300కు ఫుడ్ కూపన్లు ఇచ్చిండు.

ఆ కూపన్లకు రెండు వెజ్ ఫ్రైడ్ రైస్ వచ్చినయి, ఒకటి 150. పొద్దున చేసి పెట్టిన అన్నం, పైన వేడి, లోపల చల్లగ, క్యాబేజీ పచ్చిపచ్చిగ. చిన్నోడు ఒక్క ముద్ద తిని ఉమ్మేసిండు. బయటి తిండి తేవొద్దని మా పులిహోర గేటు కాడనే ఆపిండ్రు, కార్ల ఉడికిపోతున్నది. అత్తమ్మ అప్పుడు తన గోలీల డబ్బా తీసింది. గోలీల కింద పేపర్ల చుట్టిన సర్వపిండి ముక్కలు! "షుగరోళ్లకు మందులు ఆపొద్దు కదనే" అన్నది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు, ఒక్కొక్కరికి అరచేయంత వచ్చింది. ఆ రోజు లోపల తిన్నదాంట్ల తిండి అనదగ్గది అదొక్కటే.

నీళ్ల సీసా మీద 20 ఉంటే 30 తీసుకున్నరు, కూలింగ్ చార్జి అట. సీసా మీది ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవద్దని లీగల్ మెట్రాలజీ రూల్సే ఉన్నయి. మరిది ఫోన్ తీసి 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేస్త అనంగనే పదులు వాపస్ వచ్చినయి. మీరు గూడ అనండి, ఊకె ఇయ్యకండి.

నాలుగైతే డిపాజిట్ల కాడ లైను మొదలైతది, మూడున్నరకే పోండి. మాకు 600 వాపస్ వచ్చినయి, తెగిన నాడ మీదికి రాకుండ ముందే చూపిచ్చి పెట్టిన. ట్యూబులు రెండు 100, నీళ్లు మూడు సీసాలు 60, ఐస్‌క్రీములు 120, పెట్రోల్ 400.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన తాళ్ల కింద ఒకాయన ముంజకాయలు కొడుతున్నడు. కార్ ఆపమన్నది అత్తమ్మ. కత్తితోని పైన ఒక్క చెక్కు చెక్కితే మూడు కండ్లు, బొటనవేలు పెట్టి లేపుతున్నడు, పగలకుండ, నీళ్లు కారకుండ. డజను 100. పొద్దటి నుంచి నోట్ల ఉన్న క్లోరిన్ కంపు మొదటి ముంజకే పోయింది. చిన్నోడు గడ్డం మీంచి నీళ్లు కారబెట్టుకుంట ఐదు తిన్నడు, ఫ్రైడ్ రైస్ ఉమ్మినోడే. రెండు డజన్లు తీసుకున్నం, దాంతోని మొత్తం ఖర్చు 3180.

తాటాకుల పొట్లం కార్ల పెట్టినంక చూస్తే డజనుకు పదమూడు చొప్పున ఉన్నయి. లెక్కపెట్టింది మా ఆయన, నేను కాదు.