చార్ల్‌స్టన్‌లో హన్లీ కోసం రెండు రోజులు

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల తరఫున పోరాడి, శత్రు యుద్ధనౌకను ముంచిన తొలి జలాంతర్గామి హన్లీని చూడాలని దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌కు వెళ్ళాము. అది ఉన్న పరిరక్షణ ప్రయోగశాల ఉత్తర చార్ల్‌స్టన్‌లో, పాత నౌకాదళ యార్డులో ఉంది. వారం మధ్యలో నిపుణులు దాని మీద పనిచేస్తారు కాబట్టి మేము వెళ్ళినప్పుడు సందర్శకులను శని, ఆదివారాల్లోనే అనుమతించారు. ప్రయాణం ఖాయం చేసుకునే ముందే ఈ సంగతి చూసుకోవాలి.

పాత ఊరిలో గదుల అద్దె ఎక్కువని రహదారి పక్కన ఒక చిన్న హోటల్లో దిగాము. గది శుభ్రంగానే ఉంది కానీ, వాళ్ళు ఉందని చెప్పిన ఉచిత వాహనం రెండు రోజులూ రాలేదు, టాక్సీలకే చాలా ఖర్చయింది.

ప్రయోగశాలలో సుమారు 40 అడుగుల ఇనుప పడవ క్షార ద్రావణం నింపిన తొట్టిలో మునిగి ఉంటుంది. ఏడుగురు వరుసగా కూర్చుని చేతులతో ఇరుసు తిప్పితే, ఎనిమిదో మనిషి లెఫ్టినెంట్ డిక్సన్ దారి చూస్తూ నడిపేవాడని గైడ్ ఓపికగా వివరించారు. పరీక్షల్లోనే రెండుసార్లు మునిగి 13 మందిని, వారిలో దానికి తన పేరిచ్చిన హొరేస్ హన్లీని కూడా, బలి తీసుకున్న పడవలోకి ఈ ఎనిమిది మంది తెలిసే ఎక్కారు. 1864 ఫిబ్రవరి 17 రాత్రి ముందు భాగాన ఉన్న పొడవాటి కడ్డీకి అమర్చిన మందుగుండుతో ఉత్తరాది యుద్ధనౌక హౌసటోనిక్‌ను ముంచారు. ఆ నౌకలో ఐదుగురు చనిపోయారు, హన్లీ కూడా తిరిగి రాలేదు. 2000లో పైకి తీశాక, లోపల ఎవరి స్థానంలో వారి అస్థికలు కనిపించాయి.

విశాఖలో కురుసుర లోపల నడిచి చూసిన మనకు ఇక్కడ బయటి నుంచే చూడటం కొంత వెలితిగా అనిపించవచ్చు. అయినా ఈ యాత్రలో ముందు చూడవలసింది ఇదే. చార్ల్‌స్టన్ మ్యూజియం ముందున్న నమూనా అసలు పడవ బయటపడకముందు చేసినది కనుక కొలతలకు దాన్ని నమ్మకూడదు. ఆ యుద్ధం దేనికోసం జరిగిందో మరిచిపోకుండా ఉండాలంటే చామర్స్ వీధిలోని పాత బానిసల వేలం మ్యూజియానికి ఒక గంట కేటాయించాలి. హన్లీలో మొత్తం మూడుసార్లు చనిపోయిన మూడు బృందాల సమాధులూ మాగ్నోలియా శ్మశానంలో ఉన్నాయి.

చివరగా సల్లివన్స్ ద్వీపం కొసన, ఆ రాత్రి హన్లీ బయలుదేరిన బ్రీచ్ ఇన్‌లెట్ అనే సన్నని సముద్రపు పాయ దగ్గర ఆగాము. అక్కడి ప్రవాహం చాలా ఉద్ధృతం, నీటిలో దిగకూడదు. హౌసటోనిక్ మునిగిన చోటు అక్కడికి దాదాపు నాలుగు మైళ్ళు. ఆ చీకట్లో, ఆ చలిలో, అంత దూరమూ వాళ్ళు చేతులతోనే తిప్పుకుంటూ వెళ్ళారు.