డిక్టా, డేటాక్లాసా, పైడాంటిక్కా? బయటి నుంచి వచ్చే డేటాకు ఏది మేలు

"అన్నా, జేసన్ లోడ్ చేస్తే డిక్ట్ వస్తది కదా, మళ్లీ దానికి క్లాస్ ఎందుకు?" హన్మకొండ, కరీంనగర్ వైపు పిల్లలు, పైథాన్ నేర్చుకుని ఈమధ్యే పనిలో చేరినవాళ్లు, నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. ఇంకొందరు డేటాక్లాస్ పైథాన్‌లోనే ఉండగా పైడాంటిక్ అనే బయటి లైబ్రరీ దేనికని అడుగుతున్నారు. డిక్ట్ అంటే కీ, విలువ జంటలుగా డేటా పెట్టుకునే పైథాన్ డిక్షనరీ; డేటాక్లాస్ అంటే ఫీల్డుల పేర్లు, టైపులు రాసి తయారుచేసుకునే క్లాస్; పైడాంటిక్ అంటే వచ్చిన డేటాను ఆ టైపులతో సరిచూసే లైబ్రరీ. ఒక్కొక్కరికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట రాయడం నయం అనిపించింది. జేసన్, సీఎస్‌వీ అంటే ఏంటో మీకు తెలుసనే అనుకుని మొదలుపెడుతున్నా.

ఉదాహరణకు మనకు తెలిసిన డేటానే తీసుకుందాం. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు. ఒక్కో రికార్డులో తేదీ, జిల్లా, మార్కెట్, సరుకు, రకం (తేజ, వండర్ హాట్, చపాటా వగైరా), క్వింటాల్‌కు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర ఉంటాయనుకోండి. ఇది జేసన్‌లో వస్తుంది, మనం పైథాన్‌లో చదివి రోజువారీ రిపోర్టు తయారుచేయాలి. అంతే పని.

ఏది మేలు అని పోల్చేటప్పుడు చాలామంది స్పీడ్ చూస్తారు, లేదా ఎన్ని లైన్లలో అయిపోతుందో చూస్తారు. నా లెక్కలో ఆ రెండూ తర్వాతి సంగతి. మొదట చూడాల్సింది ఒక్కటే: తప్పు డేటా వచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఎక్కడ ఆగుతుంది? లోపలికి వస్తుండగానే ఆగుతుందా, నాలుగు ఫంక్షన్లు దాటాక ఎక్కడో ఆగుతుందా, అసలు ఆగకుండా తప్పు రిపోర్టు ఇచ్చేస్తుందా? మూడోది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ కనిపించదు కాబట్టి ఎవరూ వెతకరు.

డిక్ట్‌తో ఈ మూడోది ఎంత సులువుగా జరుగుతుందో చూడండి. ధరలు పంపేవాళ్లు అంకెలకు బదులు కోట్స్‌లో పెట్టి పంపారనుకోండి, ఒకటి "9800", ఇంకొకటి "12500". జేసన్ లైబ్రరీకి అవి స్ట్రింగులే, అది వాటిని అలాగే ఇస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు. ఇప్పుడు ఆ రోజు గరిష్ఠ ధర కోసం మ్యాక్స్ ఫంక్షన్ పిలిస్తే వచ్చే జవాబు "9800". స్ట్రింగులను పైథాన్ మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది, 1 కంటే 9 పెద్దది కాబట్టి 9800 గెలిచింది. మొత్తం కూడమని అడిగి ఉంటే టైప్ ఎర్రర్ వచ్చి ఆగేది, మనం బతికిపోయేవాళ్లం. మ్యాక్స్, మిన్, సార్ట్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతాయి. రిపోర్టులో క్వింటాల్‌కు 2700 రూపాయలు తక్కువ పడుతుంది, ఆ రిపోర్టు చూసి ఎవరో సరుకు అమ్ముకుంటారు.

డిక్ట్‌తో ఇంకో అలవాటు కూడా ఉంది, గెట్ మెథడ్. కీ లేకపోతే కీ ఎర్రర్ వస్తుందని అందరూ గెట్ వాడతారు. అది నన్ అనే ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. కీ పేరులో ఒక్క అక్షరం మీరు తప్పు కొట్టినా అదే జవాబు, నిజంగానే డేటా లేకపోయినా అదే జవాబు. రెండింటికీ తేడా తెలిసే దారి లేదు.

అలాగని డిక్ట్ వద్దని కాదు. డేటా ఆకారం ఏంటో ఇంకా తెలియనప్పుడు, ఊరికే తెరిచి చూస్తున్నప్పుడు, పెద్ద రెస్పాన్స్‌లో ఒకటి రెండు కీలే కావాల్సినప్పుడు, ఒకసారి నడిపి పడేసే స్క్రిప్ట్ అయినప్పుడు డిక్ట్‌కు మించింది లేదు. టైప్డ్‌డిక్ట్ అని ఒకటుంది, ఎడిటర్‌లో కీల పేర్లు చూపించడానికి, టైప్ చెకర్‌కు (కోడ్ నడపకుండానే టైపులు సరిచూసే టూల్) పనికొస్తుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మాత్రం అది మామూలు డిక్టే, ఏదీ చెక్ చేయదు.

ఇక డేటాక్లాస్. పైథాన్ 3.7తో 2018లో వచ్చింది, చూడటానికి చాలా శుభ్రంగా ఉంటుంది. గరిష్ఠ ధర అని ఫీల్డ్ పెట్టి పక్కన ఇంట్ (పూర్ణాంకం) అని రాస్తాం. అక్కడే అసలు చిక్కు. ఆ ఇంట్ అనే మాట టైప్ హింట్ మాత్రమే, డేటాక్లాస్ దాన్ని నడిచేటప్పుడు పట్టించుకోదు. డిక్ట్‌ను రెండు స్టార్లతో విప్పి అందులోకి పంపితే కీ తక్కువైనా ఎక్కువైనా టైప్ ఎర్రర్ ఇస్తుంది, అంటే పేర్లు చూస్తుంది. విలువలు చూడదు. "9800" అనే స్ట్రింగ్ ఇంట్ అని రాసిన ఫీల్డ్‌లో స్ట్రింగ్‌గానే కూర్చుంటుంది. తేదీ ఫీల్డ్‌లో తేదీ ఉండదు, తేదీలా కనిపించే అక్షరాలు ఉంటాయి. లోపల ఇంకో డేటాక్లాస్ ఉందని రాసినా అక్కడ డిక్టే ఉంటుంది.

అందుకే బయటి డేటా విషయంలో డిక్ట్ కంటే కూడా ఉత్త డేటాక్లాస్‌తోనే ఎక్కువ జాగ్రత్త అవసరం అంటాను. డిక్ట్ వాడేవాడికి లోపల ఏముందో తెలియదని తెలుసు, కాబట్టి అనుమానంగా ఉంటాడు. డేటాక్లాస్ కోడ్ చదివేవాడికి ఇంట్ అని కళ్ల ముందు రాసి ఉంటుంది, నమ్ముతాడు. ఎడిటర్ కూడా నమ్ముతుంది, టైప్ చెకర్ కూడా నమ్ముతుంది. నమ్మకం ఉంది, చెక్ చేసింది మాత్రం ఎవరూ లేరు.

దీనికి మందు ఉంది. డిక్ట్ తీసుకుని ఒక్కో ఫీల్డ్‌ను మార్చి, సరిచూసి డేటాక్లాస్ తిరిగిచ్చే ఫంక్షన్ ఒకటి మీరే రాసుకోవచ్చు. ఏ లైబ్రరీ అక్కర్లేదు, ఏం జరుగుతుందో ప్రతి లైన్ మీ చేతిలో ఉంటుంది. ఐదారు ఫీల్డులు ఉన్న చిన్న పనికి ఇది నిజంగా మంచి దారి. ఫీల్డులు ఇరవై దాటి, ఒకదాంట్లో ఒకటి లిస్టులు, రికార్డులు మొదలయ్యాక మాత్రం ఆ ఫంక్షన్ పెరిగి పెరిగి చివరికి పైడాంటిక్ చేసే పనినే అరకొరగా చేస్తుంటుంది. పైగా కొత్త ఫీల్డ్ కలిపినప్పుడు ఆ చెకింగ్ లైన్ రాయడం మర్చిపోతే గుర్తుచేసేవాళ్లు లేరు.

పైడాంటిక్‌లో ఫీల్డ్ పక్కన రాసిన టైపే చెకింగ్. అది మర్చిపోవడానికి వీల్లేదు, ఎందుకంటే రెండూ ఒకటే లైన్. మార్కెట్‌లో పత్తి కాంటా మీదికి పోకముందే తేమ చూస్తారు కదా, 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) తీసుకోదు. అదే పని ఇది డేటాకు చేస్తుంది. "9800" వస్తే 9800 అనే అంకెగా మారుస్తుంది. "12,500" అని కామాతో వస్తే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. (మామూలు పైథాన్ ఇంట్ కూడా కామాను ఒప్పుకోదు, కానీ తెలుగు అంకెలు "౧౨౫౦౦" ఇస్తే చక్కగా 12500 అని చదువుతుంది, ఎప్పుడైనా చేసి చూడండి.) మన దగ్గర లక్షల కామాలు మామూలే కాబట్టి, టైప్ చెక్ కంటే ముందు కామాలు తీసేసే చిన్న వ్యాలిడేటర్ (ఫీల్డ్‌కు మనం రాసిపెట్టే చెకింగ్ ఫంక్షన్) ఒకటి పెట్టుకోవాలి. తేదీ కూడా అంతే, 2024-03-25 అని వస్తే తీసుకుంటుంది, మనం రాసుకునే 25/03/2024 ఇస్తే తీసుకోదు, అది ఎలా చదవాలో మనమే చెప్పాలి. ఇది ఇబ్బంది అనుకుంటారు గానీ నాకు ఇదే మేలు అనిపిస్తుంది. 05/03/2024 అంటే మార్చి 5వ తారీఖా, మే 3వ తారీఖా అనేది లైబ్రరీ ఊహించకూడదు.

నాకు బాగా నచ్చేది దాని ఎర్రర్. మొదటి తప్పు దగ్గరే ఆగిపోకుండా మొత్తం చూసి, ఎన్నో రికార్డులో ఏ ఫీల్డ్‌లో ఏం విలువ వచ్చింది, ఎందుకు ఒప్పుకోలేదు అనేది ఒక్కసారే లిస్ట్ ఇస్తుంది. డేటా పంపినవాళ్లకు ఆ లిస్ట్ అలాగే పంపొచ్చు. "మీ ఫైల్ పనిచేయట్లేదు" అని ఫోన్ చేయడానికీ, ఫలానా రికార్డులో ధర ఖాళీగా ఉందని చూపించడానికీ చాలా తేడా ఉంది.

ఇక దాని లోటుపాట్లు, ఎందుకంటే ఉన్నాయి. మొదటిది, అడక్కుండా మార్చేస్తుంది. తేదీ, సమయం కలిసిన ఫీల్డ్‌కు కోట్స్ లేకుండా 20240325 అనే అంకె వచ్చిందనుకోండి, దాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు అనుకుని 1970 ఆగస్టులో ఏదో తేదీ ఇస్తుంది. ఎర్రర్ రాదు. ఇలాంటి ఫీల్డులకు స్ట్రిక్ట్ (టైప్ మార్చకుండా ఉండే సెట్టింగ్) పెట్టుకోవాలి, లేదా తేదీ ఫలానా సంవత్సరం తర్వాతిదై ఉండాలని షరతు రాసుకోవాలి. రెండోది, తెలియని కీలు వస్తే చెప్పకుండా వదిలేస్తుంది, అదే దాని మామూలు పద్ధతి. మీరు ఒక ఫీల్డ్‌ను ఆప్షనల్ చేసి డీఫాల్ట్ ఇచ్చారు, పంపేవాళ్లు ఆ కీ పేరు మార్చారు. కొత్త పేరును తెలియనిదని వదిలేస్తుంది, పాత పేరు లేదని డీఫాల్ట్ పెట్టేస్తుంది. ఇందాక గెట్ గురించి చెప్పుకున్న కథే మళ్లీ. కాబట్టి ఆప్షనల్ అనేది చేతికొచ్చినట్టు వాడకండి, ఎక్స్‌ట్రా కీలను నిషేధించే సెట్టింగ్ పెట్టండి.

ఏ లైబ్రరీ కూడా తనంతట తాను పట్టుకోలేని తప్పు ఒకటుంది, మన జిల్లాల పేర్లు. 2016 అక్టోబర్‌కు ముందు డేటాలో వరంగల్ అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు కూడా కలిసిన పాత జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయ్యాయి. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అటు మారాయి. అంటే 2015 ఫైల్‌లోని వరంగల్, 2022 ఫైల్‌లోని వరంగల్ ఒకే స్పెల్లింగ్‌తో రెండు వేర్వేరు జిల్లాలు. దీనికి తోడు హన్మకొండ, హనుమకొండ అని రెండు రకాలుగా రాస్తారు, ఇంగ్లిష్‌లోనూ అంతే. స్ట్రింగ్ అని టైప్ రాస్తే ఇవన్నీ సరైనవే! జిల్లాను ఒక ఖాయమైన జాబితాగా, అంటే ఈనమ్‌గా పెట్టి, తేదీని, పేరును కలిపి చూసి ఏ జిల్లానో తేల్చే వ్యాలిడేటర్ మనమే రాయాలి. ఆ తెలివి పైడాంటిక్ ఇవ్వదు, ఆ తెలివి పెట్టుకోవడానికి ఒక చోటు ఇస్తుంది. డిక్ట్‌లతో రాసిన కోడ్‌లో ఇదే పని ఐదు ఫైళ్లలో ఐదు రకాల ఇఫ్‌లుగా పడి ఉండటం నేను చాలాచోట్ల చూశాను, అందులో రెండు ఒకదానికొకటి పొసగవు.

సీఎస్‌వీ గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు. పాండాస్ అనే లైబ్రరీ పట్టికల మీద లెక్కలు వేయడానికి గొప్పది, కానీ చదివేటప్పుడే టైప్ ఊహిస్తుంది. సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబర్‌లో ముందు సున్నాలు పోతాయి. మొబైల్ నంబర్ల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా చాలు, మొత్తం కాలమ్ దశాంశ అంకెలుగా మారి నంబర్ చివర .0 చేరుతుంది. అన్నీ స్ట్రింగులుగానే చదవమని చెప్పి, తర్వాత పైడాంటిక్ మోడల్‌తో (పైడాంటిక్‌లో రాసిన క్లాస్) మార్చుకోండి. ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8గా సేవ్ చేసిన ఫైల్ అయితే మొదట్లో బీఓఎం అనే కనిపించని గుర్తు ఉంటుంది, పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదివితే అది మొదటి కాలమ్ పేరుకు అంటుకుని "తేదీ అనే కీ లేదు" అని వస్తుంది, కళ్లకు మాత్రం తేదీ అనే కాలమ్ కనిపిస్తూనే ఉంటుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే పోతుంది.

మిగతావి క్లుప్తంగా. ఎంఎస్‌జీస్పెక్ అనే లైబ్రరీ చాలా వేగం, చెకింగ్ కూడా చేస్తుంది, రికార్డులు లక్షల్లో ఉండి షరతులు తక్కువగా ఉంటే అదే తీసుకోండి. ఆట్‌ర్స్, క్యాట్‌ర్స్ అనే లైబ్రరీల జంట బాగుంటుంది, ఇప్పటికే వాడుతుంటే మార్చాల్సిన పనిలేదు. యామల్ అనే ఫైల్ ఫార్మాట్ సెట్టింగులకు సరే, డేటాకు వద్దు. దాన్ని చదివే పైయామల్ లైబ్రరీలో కోట్స్ లేని నో అనే మాట ఫాల్స్‌గా మారిపోతుంది. బయటి డేటాను ఇవాల్‌తోనో పికిల్‌తోనో తెరవడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ఫైల్‌లో ఎవరైనా కోడ్ పెడితే అది మీ మెషీన్ మీద నడుస్తుంది.

నేను పని చేసే పద్ధతి ఇది: బయటి నుంచి ఏది వచ్చినా పైడాంటిక్ మోడల్, లోపల నేనే తయారుచేసుకునే వాటికి డేటాక్లాస్, ఊరికే చూడటానికి డిక్ట్. లోపల ప్రతిదానికీ మోడల్ పెట్టడం దండగ, ఒకసారి చూసిన డేటాను మళ్లీ మళ్లీ చూడాల్సిన అవసరం లేదు. ఒప్పుకోని రికార్డులను పారేయకుండా, కారణంతో సహా వేరే ఫైల్‌లో రాసిపెట్టండి. ఒక రోజు 400 రికార్డుల్లో మూడు పోతే రిపోర్టు ఇవ్వొచ్చు, 200 పోతే పంపేవాళ్ల దగ్గర ఏదో మారిందని అర్థం, ఆ రోజు రిపోర్టు ఆపేయండి.

మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. పైడాంటిక్ 2వ వెర్షన్ 2023లో వచ్చింది, లోపలి భాగం రస్ట్ అనే భాషలో తిరగరాశారు, చాలా పేర్లు మారాయి. మీరు చూస్తున్న పాఠంలో పార్స్ ఆబ్జ్, ఉత్త వ్యాలిడేటర్ అని ఉంటే అది 1వ వెర్షన్‌ది. ఇప్పుడు వాటి స్థానంలో మోడల్ వ్యాలిడేట్, ఫీల్డ్ వ్యాలిడేటర్ వాడాలి. పేర్లే కాదు, పాతది ఇంట్ ఫీల్డ్‌కు 12.5 వస్తే చెప్పకుండా 12 చేసేది, కొత్తది ఎర్రర్ ఇస్తుంది. ఆఫీసులో పాత కోడ్ ఉంటే వెర్షన్ మార్చేముందు ఆ ఫీల్డులు వెతికి చూసుకోండి.