షెల్ టూల్ డిస్క్రిప్షన్‌లో ఆ ఒక్క లైను: చాలాకాలం వాడాక

ఏఐ ఏజెంట్‌కి షెల్‌ను, అంటే కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌ను, అప్పజెప్పే టూల్ గురించి ఇది; ఆ టూల్‌ను ఎలా కట్టాలన్న వివరాల జోలికి పోవడం లేదు. నా గొడవంతా టూల్‌ను ఎలా వాడాలో మోడల్‌కి చెప్పే డిస్క్రిప్షన్‌లోని ఒకే లైనుతో: "కమాండ్ సక్సెస్ అయితే ఎగ్జిట్ కోడ్ 0." ఎగ్జిట్ కోడ్ అంటే కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె. ఆ లైనులో అబద్ధమేమీ లేదు. మనిషికైతే సరిపోతుంది. మోడల్‌కి సరిపోదు.

కారణం పైపులు, అంటే ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి పంపడం. కంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగల టెక్స్ట్) నిండిపోతుందని మోడల్ ఏ కమాండ్‌నీ ఊరికే వదలదు, వెనకాల టెయిలో (చివరి లైన్లే చూపేది) హెడ్డో (మొదటి లైన్లే చూపేది) తగిలిస్తుంది. "టెస్టులు పాసైతేనే కమిట్ చెయ్యి" అంటే అది రాసేది ఇలా ఉంటుంది: పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపేది), పైపు, టెయిల్ -20, రెండు యాంపర్‌సాండ్లు (ముందుది 0 ఇస్తేనే తర్వాతది నడపమని), గిట్ కమిట్ (కోడ్ మార్పులను నమోదు చేసేది). చూడ్డానికి తప్పేం కనపడదు. కానీ బ్యాష్ అనే షెల్‌లో మామూలుగా పైప్‌లైన్ మొత్తానికి చివరి కమాండ్ ఎగ్జిట్ కోడే లెక్క. మూడు టెస్టులు పోయి పైటెస్ట్ 1 ఇస్తుంది. టెయిల్ తనకొచ్చిన లైన్లు ప్రింట్ చేసి 0 ఇస్తుంది. కమిట్ పడిపోతుంది. అవుట్‌పుట్‌లో "3 ఫెయిల్డ్" అని ఉంటుంది, దాని కిందే కమిట్ హ్యాష్ (కమిట్ ఐడీ) కూడా ఉంటుంది. టూల్ చేరవేసేది మాత్రం 0. డిస్క్రిప్షన్ ప్రకారం పని బ్రహ్మాండంగా అయినట్టే.

దీనికి మందు అందరికీ తెలిసిందే: సెట్ -ఓ పైప్‌ఫెయిల్, అంటే పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలైనట్టు లెక్కించే సెట్టింగ్. అది పెట్టుకోమని మోడల్‌కి డిస్క్రిప్షన్‌లో చెప్పడం కంటే, ప్రతి కమాండ్ ముందూ టూలే తగిలించడం మేలు. ఇక్కడ ఇంకో గుంట ఉంది. టూల్ పేరు బ్యాష్ అయినా లోపల బ్యాష్ ఉండాలని రూలేం లేదు. పైథాన్‌లో కమాండ్లు నడిపే సబ్‌ప్రాసెస్‌ను షెల్=ట్రూతో పిలిస్తే లినక్స్‌లో నడిచేది బిన్‌లోని ఎస్‌హెచ్. డెబియన్, ఉబుంటు కంటైనర్ ఇమేజ్‌లలో అది డాష్ అనే మరో షెల్. పైప్‌ఫెయిల్ 2024 పోసిక్స్ ప్రమాణంలోకి (షెల్స్‌కి ఉమ్మడి నియమాలు) వచ్చింది గానీ, కంటైనర్లలో ఉండే పాత డాష్‌కి అది తెలియదు. "ఇల్లీగల్ ఆప్షన్" అని చెప్పి, అసలు కమాండ్ మొదలవకముందే 2తో బయటికొచ్చేస్తుంది. మోడల్ ఆ 2 చూసి తన కమాండే తప్పనుకుని కోట్ గుర్తులు మార్చి మార్చి మళ్లీ మళ్లీ నడుపుతుంది. ఎగ్జిక్యూటబుల్‌గా బ్యాష్ పూర్తి పాత్ ఇస్తే ఈ పీడ వదులుతుంది. ఆల్పైన్ ఇమేజ్‌లో బ్యాష్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

పైప్‌ఫెయిల్‌తో అంతా సర్దుకుందని కొన్నాళ్లు గట్టిగానే మెచ్చుకోవచ్చు. తర్వాత 141 అనే ఎగ్జిట్ కోడ్‌లు మొదలవుతాయి. గిట్ లాగ్‌ను (కమిట్‌ల జాబితా) హెడ్ -5కి పంపితే, హెడ్ ఐదు లైన్లు తీసుకుని తలుపు మూసేస్తుంది. ఇంకా రాస్తున్న గిట్‌కి సిగ్‌పైప్ (చదివేవాళ్లు లేరు, ఆగిపొమ్మనే సిగ్నల్) తగులుతుంది. ఆ సిగ్నల్ నంబరు 13, సిగ్నల్‌తో ఆగిన కమాండ్‌కి షెల్ దానికి 128 కలిపి చెబుతుంది, అంటే 141. చిన్న రిపోలో (గిట్ ప్రాజెక్టు) లాగ్ మొత్తం పైపు బఫర్‌లో పట్టేసి 0 వస్తుంది, పెద్ద రిపోలో అదే కమాండ్ 141 ఇస్తుంది. ఎందుకిలా అని వెతకబోతే మోడల్ చాలా టోకెన్లు తగలేస్తుంది.

కాబట్టి పైప్‌ఫెయిల్ పెట్టినచోట డిస్క్రిప్షన్ కూడా పెరగాల్సిందే. గ్రెప్ (టెక్స్ట్ వెతికేది) 1 అంటే ఏమీ దొరకలేదని, 2 అంటే నిజమైన ఎర్రర్. డిఫ్ (ఫైళ్లను పోల్చేది) 1 అంటే ఫైళ్లలో తేడా ఉందని. 124 అంటే గడువు దాటిందని టైమౌట్ కమాండ్ ఆపేసిందని. 137 అంటే ప్రాసెస్‌ను కిల్ -9తో చంపారని, కంటైనర్‌లో అయితే ముందు మెమరీ అయిపోయిందేమో చూడాలి. హెడ్ ముందున్న 141ని పట్టించుకోనక్కర్లేదు.

వీటన్నిటికంటే బాగా పనిచేసింది హెచ్చరిక కాదు, నమూనా కమాండ్. మోడల్ రూల్ కంటే ఉదాహరణనే నమ్ముకుంటుంది. పైటెస్ట్ అవుట్‌పుట్‌ను ఎర్రర్లతో సహా టెంప్‌లోని లాగ్ ఫైల్‌కి మళ్లించు, ఎగ్జిట్ కోడ్‌ను వెంటనే ఆర్‌సీ అనే వేరియబుల్‌లో దాచు, అప్పుడు టెయిల్ వెయ్యి, చివర ఎగ్జిట్‌కి ఆ ఆర్‌సీ ఇవ్వు. మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి సబ్‌షెల్‌గా (షెల్ లోపల మరో షెల్) నడపాలి. లేకపోతే ఒకే సెషన్‌ను తెరిచి ఉంచే టూల్స్‌లో ఆ ఎగ్జిట్ షెల్‌నే మూసేస్తుంది, అంతకుముందు యాక్టివేట్ చేసిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్స్ అన్నీ పోతాయి. పైపులోని ఒక్కో కమాండ్ ఎగ్జిట్ కోడ్‌ను దాచే పైప్‌స్టేటస్ అర్రే వాడమని చెప్పొచ్చు గానీ తర్వాతి కమాండ్‌తోనే అది మారిపోతుంది. మధ్యలో ఒక్క ఎకో (టెక్స్ట్ ప్రింట్ చేసే కమాండ్) వేస్తే చాలు, చూసేది ఎకో ఫలితమే. మోడల్స్ ఆ ఎకో కచ్చితంగా వేస్తాయి.

మా పని ఎక్కువగా ఉబుంటు కంటైనర్లలో పైథాన్ టెస్టులు, కమాండ్‌కో కొత్త షెల్. ఈ పద్ధతికి ఇప్పుడున్న డిస్క్రిప్షన్ చాలు. లాగులు తవ్వడం, గ్రెప్‌లే ప్రధానమైన చోట అయితే పైప్‌ఫెయిల్‌ను టూల్‌లో బలవంతంగా పెట్టమని చెప్పను, నమూనా ఒక్కటే ఉంచుతాను. సెషన్ తెరిచి ఉంచే టూల్‌లో ఒకసారి పెట్టిన పైప్‌ఫెయిల్ చివరిదాకా అలాగే ఉండిపోతుంది, ఆ సంగతి కూడా డిస్క్రిప్షన్‌లో రాసుకోవాలి.