బరంపురంలో బ్యాగు రిపేరు: లాంగ్ టూరుకి ముందు

నెలల తరబడి దేశాలు తిరుగుతూ రాసుకునేవాళ్లకి కొత్త బ్యాక్‌ప్యాక్ కంటే పాతదాన్ని గట్టి చేయించుకోవడమే నయం. బరంపురం పెద్ద బజారు వైపున్న ఈ రిపేరు దుకాణం ఆ పనికి పనికొస్తుంది. ఒడియా రాకపోయినా పర్లేదు, బేరం తెలుగులోనే సాగుతుంది.

జిప్పు పనిలో వంక పెట్టలేం. జిప్పు నోరు తెరుచుకుంటే పళ్లు పోయాయనుకుంటాం గానీ, చాలాసార్లు అరిగేది రన్నరే, అంటే పైకీ కిందకీ లాగే ముక్క. దాని గాడి వదులై పళ్లని నొక్కలేకపోతుంది. ఇక్కడ చివరి కుట్టు విప్పి, రన్నరు వెనక అచ్చయిన నంబరు చూసి అదే సైజుది ఎక్కిస్తారు. జిప్పంతా మార్చాలని పట్టుబట్టరు, ఈ రోజుల్లో అదే గొప్ప.

భుజం బెల్టు దగ్గర మాత్రం కన్నేసి ఉంచండి. అడక్కపోతే నూలు దారంతో కుట్టేస్తారు; వానకీ చెమటకీ అది చివికి తెగుతుంది. నైలాన్ దారమే అడగండి. చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయించండి.

ల్యాప్‌టాప్ అరకి మెత్తటి స్పాంజి వద్దు, త్వరగా అణిగిపోతుంది. 10 మి.మీ. ఈవీఏ ఫోమ్ (చెప్పుల అట్టలాంటి గట్టి స్పాంజి) వేయించి, ఆ అరని బ్యాగు అడుగుకి 2 సెం.మీ. పైన ఆపమనండి. లేదంటే బ్యాగు దించిన ప్రతిసారీ దెబ్బ ల్యాప్‌టాప్ మూలకే. ఇనప బకిల్సు అంటగడితే ఒప్పుకోకండి. చాలా విమానాల్లో క్యాబిన్ బరువు 7 కిలోలే.

లోపలి పూత పొలుసులుగా రాలుతుంటే ఇక్కడా మందు లేదు. స్కూళ్లు తెరిచే రోజుల్లో వెళ్తే, రద్దీలో పని తేల్చక పదే పదే తిప్పుతారు.